అతుకు పట్టిందా?

తెర మీద మా పిచ్చుక చెవి లోపలి భాగం అరచెయ్యంత పెద్దగా కనిపిస్తోంది. చుట్టూ గులాబీ రంగు గోడలు, మధ్యలో పాలిపోయిన పొర. ఆ పొర ముందంచున నల్లటి గీత ఒకటి. డాక్టరమ్మ చిటికెనవేలితో ఆ గీతను చూపించి మా వైపు తిరిగింది.

"కిందటిసారి ఇది లేదు. అతుకు చక్కగా పట్టింది అప్పుడు. ఇప్పుడు అంచు లేచింది. ఇంట్లో ఏమైనా జరిగిందా?"

"ఏమైనా అంటే?" అంది వదిన.

"స్నానంలో చెవిలోకి నీళ్లు పోయాయా? ముక్కు గట్టిగా చీదిందా? నోరు మూసుకుని తుమ్మిందా? ఎవరైనా చెవిలో ఏదైనా వేశారా?"

ఒక్కో ప్రశ్నకీ వదిన తల అడ్డంగా ఊపుతూ వచ్చింది. చివరిదానికి ఆగి నా వైపు చూసింది. అప్పటికే నేను ఆమె వైపు చూస్తున్నాను. ఆ చూపుల్లో ఏముందో ఇద్దరికీ తెలిసిపోయింది. పరీక్ష కుర్చీలో ఉన్న పిచ్చుక మాత్రం మా ఇద్దరినీ వదిలేసి నేల వైపు చూస్తోంది.

పిచ్చుక మా అన్నయ్య కూతురు. ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతూనే ఉంటుందని మా నాన్న పెట్టిన పేరది. చిన్నప్పుడే కుడిచెవి కర్ణభేరికి రంధ్రం పడింది. జలుబు చేస్తే చాలు, చెవిలోంచి చీము. ఆ వైపు నుంచి పిలిస్తే పలికేది కాదు. బడిలో పొగరన్నారు, ఇంట్లో పరధ్యానమన్నారు. ఆపరేషన్ చేయిద్దామని పట్టుబట్టింది నేను. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లింది నేనొక్కదాన్నే. అందుకని పెద్ద పెద్ద మాటలున్న కాగితం ఏది వచ్చినా నా ముందుకే వస్తుంది, ఆస్పత్రికైనా ఆఫీసుకైనా మాట్లాడటానికి నన్నే తోస్తారు. అందరి తరఫునా నేనే మాటిచ్చాను, బాగవుతుందని.

"మళ్లీ చేయొచ్చు, కొంతకాలం ఆగి," అంది డాక్టరమ్మ చేతి తొడుగులు తీస్తూ. "కానీ ఎందుకు లేచిందో తెలియకుండా చేస్తే రెండోది కూడా ఇలాగే పోవచ్చు. ప్రతిసారీ కొత్త పొర తీయాలి, ప్రతిసారీ పాత మచ్చ అడ్డొస్తుంది. నేనిక్కడ ఎంత బాగా అతికినా దాన్ని కాపాడాల్సింది మీ ఇల్లు. తెలుసుకుని రండి."

బస్సులో వదిన కిటికీ వైపు, నేను నడవ వైపు, మధ్యలో పిచ్చుక.

ఆ సాయంత్రం అన్నానికి కూర్చున్నప్పుడు అన్నయ్యే మొదలుపెట్టాడు. ఆయన బస్సు నడుపుతాడు. పగలంతా హారన్‌తో మాట్లాడి మాట్లాడి ఇంట్లో కూడా అదే గొంతు.

"ఆ రోజు ఆపరేషన్ గదిలోకి కుర్ర డాక్టర్లు వరసగా వెళ్లారు, నేను చూశా. ఒక్కడికీ సరిగ్గా మీసం రాలేదు. ఎవడి చేతికి నా కూతుర్ని ఇచ్చారో ఏమో. ఇప్పుడు తప్పు మన మీద తోస్తున్నారు."

"అతుకు పట్టిందని మొదటిసారి చూసి చెప్పింది కూడా వాళ్లే కదా అన్నయ్యా," అన్నాను.

"చెప్పారు. మనకేం తెలుసు? తెరమీద ఎవరి చెవి చూపించినా మన చెవే అనుకుంటాం."

నాన్న పెదవి చప్పరించి, "నేను ముందే అడిగాను," అన్నాడు. నాన్న కంసాలి. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. ఆయనకి ఈ లోకంలో నిలిచేదేదైనా ఉందంటే అది టంకంతో అతికిందే. ఆపరేషన్‌కి ముందు డాక్టరమ్మ దగ్గర కూర్చుని, పెళ్లి సంబంధం మాట్లాడుతున్నట్టు అన్నీ ఆరా తీశాడు. చెవి పైన కండరాన్ని కప్పి ఉండే పల్చటి పొర ఒక ముక్క తీస్తామని, దాన్ని ఆరబెట్టి రంధ్రం కిందికి జార్చి పరుస్తామని, కదలకుండా చుట్టూ స్పాంజి ముక్కలు దోపుతామని, అవి వాటంతటవే కరిగిపోతాయని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. "మరి టంకం?" అన్నాడు నాన్న. "టంకం ఉండదు తాతగారూ. దాని ఒళ్లే దాన్ని పట్టుకుంటుంది," అని నవ్విందావిడ. నాన్న నవ్వలేదు.

"కాల్చరట, టంకం పెట్టరట, ఊరికే కింద దోపుతారట. ఏ అతుకైనా అలా నిలుస్తుందిటే అమ్మడూ? కాలేజీలో ఇదేనా చెప్పింది మీకు?"

"నా కాలేజీలో చెవులు చెప్పలేదు నాన్నా, వాణిజ్యం చెప్పారు."

"మరింకేం. బేరం బాగానే కుదిర్చావు."

వదిన ఆ మాటకి నవ్వలేదు. పళ్లెం ముందుకి జరిపి, నన్ను చూడకుండా అంది: "జుట్టు కత్తిరించే చోటికి తీసుకెళ్లింది ఎవరు? అక్కడ తల మీద నీళ్లు చల్లుతారు."

"నేను చెవి మీద అరచెయ్యి పెట్టి ఉంచాను వదినా. కత్తిరించినంతసేపూ."

"అంతసేపూనా?"

"అంతసేపూ," అన్నాను. అని, అప్పుడు ఫోన్ మోగినట్టు గుర్తొచ్చి మాట మింగేశాను. ఏ చేత్తో ఎత్తానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మర్నాటి నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. ఎవరు ఏ గదిలోకి వెళ్లినా రెండు కళ్లు వెంట వెళ్లేవి. పిచ్చుకకి స్నానం చేయించేటప్పుడు వదిన తలుపు బార్లా తీసి ఉంచేది. చూడాలనుకున్నవాళ్లు చూసుకోండి అన్నట్టు దూదికి వాజిలిన్ దట్టంగా రాసి, నాకు చూపించి మరీ చెవిలో పెట్టేది. నేను చూడనట్టు నటిస్తూ చూసేదాన్ని. ఆమె వంటగదిలో ఉన్నప్పుడు అలమరలో ఏ సీసా ఎక్కడుందో వెతికాను. చెవిలో వెయ్యదగ్గ చుక్కలమందు కానీ, నూనె కానీ కొత్తగా ఏదైనా చేరిందేమోనని. ఏమీ లేదు. అలమర తలుపు మూసి వెనక్కి తిరిగితే గుమ్మంలో వదిన.

"దొరికిందా?" అంది.

"గుండుసూది కోసం చూస్తున్నా."

"సీసాల్లోనా?"

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా అనుమానం పోలేదు. వదిన మొదట్నుంచీ ఈ ఆపరేషన్ వద్దంది. ఆ పిల్ల తలకి కత్తి తగలకూడదని ఏడ్చింది. వద్దన్నది పాడైతే తన మాట నెగ్గుతుంది కదా అని ఒక పాడు ఆలోచన వచ్చి, నా తలలోనే ఒక మూల కూర్చుంది. ఎంత గెంటినా పోలేదు.

పిచ్చుకని ఒంటరిగా పట్టుకుని అడిగాను. మెట్ల మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది.

"ఒసే, నాతో నిజం చెప్పు. ముక్కు చీదావా?"

"లేదత్తా. కారితే తుడుచుకుంటున్నా. తుమ్మొస్తే నోరు తెరిచే తుమ్ముతున్నా. నీళ్లు పోలేదు. పరుగులు తియ్యట్లేదు. బరువులు ఎత్తట్లేదు." ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా అప్పజెప్పింది.

"మరి డాక్టరమ్మ అడిగినప్పుడు నేల చూపులు చూశావేం?"

లేసు ముడి విప్పి మళ్లీ కట్టింది. "ఊరికే."

"ఎవరైనా నీకు చెప్పొద్దన్నారా?"

"ఎవరూ ఏం చెప్పొద్దనలేదు," అని బడిసంచీ తగిలించుకుని పారిపోయింది. వాగుడుకాయ నోరు కట్టేసుకుందంటే లోపల ఏదో ఉన్నట్టే. వాళ్లమ్మని కాపాడుతోంది అనుకున్నాను.

ఆ వారంలోనే ఒకరోజు ఆఫీసులో కరెంటు పోయి మమ్మల్ని బడి వదిలే వేళకే పంపించేశారు. మా సందులో అన్నీ చిన్న చిన్న దుకాణాలే. తాళంచెవులు చేసేవాడు, గడియారాలు బాగుచేసేవాడు, చెప్పులు కుట్టేవాడు. ఆ వేళప్పుడు అందరి తలుపులూ బార్లా ఉంటాయి. నాన్న దుకాణం షట్టర్ మాత్రం సగానికి దించి ఉంది. నాన్న పగలు షట్టర్ దించడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

లోపల్నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఇంకా గట్టిగా. బుగ్గలు నిండాలి. ముక్కు వదలకు."

నేను వంగి లోపలికి దూరాను.

పని చేసుకునే పీట మీద పిచ్చుక కూర్చుని ఉంది. రెండు వేళ్లతో ముక్కు పుటాలు గట్టిగా నొక్కిపట్టి, నోరు బిగించి, బుగ్గలు పూరించి, మొహం కందగడ్డ చేసుకుని ఊపిరి తోస్తోంది. చెవిలో దూది తీసి పక్కన పెట్టి ఉంది. ఆ చెవికి బెత్తెడు దూరంలో నాన్న తన టంకందీపం పట్టుకుని, కళ్లద్దాలు నుదుటికి ఎత్తి, రెప్ప వెయ్యకుండా మంట వైపు చూస్తున్నాడు.

మంట బయటికి ఒరిగింది.

"నాన్నా!"

ఆయన ఉలిక్కిపడలేదు. పైపెచ్చు నేను వచ్చినందుకు సంతోషించాడు. "సమయానికొచ్చావు. కళ్లతో చూడు. కారుతోంది గాలి. మళ్లీ ఊదవే పిచ్చుకా, అత్తకి చూపిద్దాం."

"ఊదకు!" అని నేను అరిచిన అరుపుకి పిచ్చుక ముక్కు వదిలేసింది. వెనకగదిలోంచి వదిన పరుగెత్తుకొచ్చింది.

బోలు బంగారు గాజుకి అతుకు పెట్టాక నాన్న దాన్ని అలా వదిలెయ్యడు. ఒక కొసన పెదవి ఆనించి మెల్లగా ఊది, అతుకు దగ్గర దీపం పెట్టి చూస్తాడు. మంట కదిలితే ఎక్కడో సందున్నట్టు. కదలకపోతే పని పూర్తయినట్టు. ఈ సందులో ఆ పని చేసేవాళ్లంతా అలాగే చూస్తారు. కిందటేడు పిచ్చుకకి సరదాగా ఊదుగొట్టం పట్టుకోవడం నేర్పుతుంటే, "తాతా, చెవిలోంచి గాలి పోతోంది" అందట. అప్పుడూ దీపం పెట్టి చూశాడట. ఈ సంగతి మాకెవరికీ చెప్పలేదు. చెప్పేదేముంది, చెవికి రంధ్రం ఉందని అందరికీ తెలిసిందే కదా అన్నాడు.

"ఎప్పట్నుంచి చూస్తున్నారు ఇలా?" అంది వదిన.

"చెవిలో స్పాంజీలు కరిగిపోయాయని ఆవిడ చెప్పిన మర్నాటి నుంచి. రోజూ ఒకసారి."

"రోజూనా?"

"మొదట్లో ఏం కదల్లేదమ్మా. దీపం రాయిలా నిలబడింది. టంకం లేకుండా భలే అతికిందే అని నేనే ఆవిడ చేతిని మెచ్చుకున్నాను."

"అలాంటప్పుడు అక్కడితో ఆపొచ్చుగా నాన్నా?"

ఆయన నా వైపు, చదువుకున్నదానివి ఇది కూడా తెలియదా అన్నట్టు చూశాడు. "ఒక్కసారి చూసి ఎవడు నమ్ముతాడే? ఇవాళ నిలిచింది రేపు విడుతుంది. పైగా టంకం లేని అతుకాయె. అనుకున్నంతా అయ్యింది. నాలుగో వారంలో మంట వణికింది. ఇప్పుడు ఏకంగా వంగుతోంది. పదండి, ఆవిడ ముందే వెలిగించి చూపిస్తాను. మన మీద తోస్తుందా?"

"చీదకూడదని చెప్పారు కదా!"

"చీదిందెవరు? ముక్కు మూసుకుని ఊదింది. చీదడం వేరు, ఊదడం వేరు. నీళ్లు వద్దన్నారు, చుక్క పడలేదు. తుమ్ము సంగతి చెప్పారు, పిల్ల నోరు తెరిచే తుమ్ముతోంది. ఊదొద్దని ఎవరన్నారు?"

ఎవరూ అనలేదు. అది నిజమే. ఏ డాక్టరుకి మాత్రం తడుతుంది, ఇంట్లో ఒక ముసలాయన రోజూ దీపం పెట్టి మరీ చూస్తాడని?

నేను ఆయన ఎదురుగా నేలమీద కూర్చున్నాను. "నాన్నా, ముక్కు మూసి ఊదితే గాలి ఎటు పోతుంది? గొంతు వెనక నుంచి చెవిలోకే కదా. లోపల్నుంచి ఆ పొరని బయటికి తోస్తుంది. అది ఇంకా పచ్చిగా ఉంది. మీరు పచ్చి అతుకుని రోజూ లోపల్నుంచి పొడిచి, ఊడిందా లేదా అని చూశారు."

నాన్న దీపం వైపు చూశాడు. తర్వాత పిచ్చుక వైపు. చెయ్యి చాచి మంట ఆర్పేశాడు. ఆ తర్వాత పట్టకారు తీసుకున్నాడు, పెట్టేశాడు, మళ్లీ తీసుకున్నాడు. ఏం చెయ్యాలో ఆ చేతులకి తెలియలేదు.

"నువ్వెందుకు చెప్పలేదే?" అంది వదిన కూతురి రెక్క పట్టుకుని.

"తాత మంచిదే అన్నాడుగా," అంది పిచ్చుక, ఏడుపు మొహంతో. "మొదట్లో దీపం కదలకపోతే శభాష్ అనేవాడు. తర్వాత అనలేదు. నేనే సరిగ్గా ఊదట్లేదేమో అనుకున్నా. అందుకని ఇంకా గట్టిగా ఊదాను."

చివరికి వదినే దూది వెతికి, వాజిలిన్ రాసి, పిల్ల చెవిలో పెట్టింది. లోపలికి వెళ్తూ నా పక్కన ఆగింది.

"నన్నే అనుమానించావు కదూ?"

"అనుమానించాను వదినా."

"నేనూ నిన్నే అనుకున్నా. చెల్లుకు చెల్లు." అంది కానీ ఆ మాటలో చెల్లు కనిపించలేదు.

మళ్లీ ఆస్పత్రికి వెళ్లినప్పుడు అన్నయ్యతో పాటు నాన్న కూడా వచ్చాడు, ఎవరూ రమ్మనకుండానే. నేను చెప్పబోతుంటే చేత్తో ఆపి, మొత్తం తనే చెప్పాడు, దీపంతో సహా. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి విన్నది. నవ్వుతుందేమోనని భయపడ్డాను, నవ్వలేదు.

"అయితే నా వల్లేనా?" అన్నాడు నాన్న.

"చెప్పలేను తాతగారూ. మీరు చేసింది చెయ్యకూడని పని. ఆ అంచు లేవడానికి అది చాలు. కానీ ఎవరూ ఏమీ చెయ్యకపోయినా కొందరు పిల్లల్లో ఊడుతుంది. జలుబు చాలు, ఒక్కోసారి అదీ అక్కర్లేదు."

"అంటే నేనో కాదో తెలియదా?"

"తెలియదు."

అన్నయ్యకి ఆ జవాబు నచ్చలేదు. తప్పు ఆవిడదే అయ్యుంటుంది, అందుకే నీళ్లు నములుతోంది అన్నాడు దారిపొడవునా. వదినకి అసలే నచ్చలేదు. ఆమెకి అది ఫలానావాళ్ల వల్లే అని తేలాలి. అందరికంటే ఎక్కువ నలిగింది నాన్న. నువ్వే చేశావని కసిరి ఉంటే ఒక మూల కూర్చుని ఏడ్చేవాడేమో. ఆ 'తెలియదు' ఆయన్ని కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. అయినా రెండో ఆపరేషన్‌కి ఆయనే ముందు ఊఁ అన్నాడు.

ఆ ఆపరేషన్ అయ్యాక వదిన కుట్టుపని తెచ్చుకుని దుకాణం గుమ్మంలో మకాం పెట్టింది. బడి నుంచి పిచ్చుక వచ్చింది మొదలు, తాత ఉన్నచోట తనూ ఉండాల్సిందే.

"నాకు కాపలానా అమ్మా?" అన్నాడు నాన్న ఒకరోజు.

"కాపలా ఏంటి మామయ్యా, ఇక్కడ గాలి బాగా వస్తుంది."

"గాలా," అని నాన్న తల దించుకుని పనిలో పడ్డాడు. ఆ మాట అన్నందుకు వదిన నాలిక్కరుచుకుంది. కానీ కుర్చీ మాత్రం అక్కణ్నుంచి కదల్లేదు. పిచ్చుక తుమ్మితే ఇంట్లో నాలుగు తలలు తిరిగేవి. నాన్న టంకం పనులన్నీ పిల్ల బడికి వెళ్లాకే చేసుకునేవాడు. అడగాలని ఉండి అడగలేక, పిల్ల చెవి వైపు దొంగచూపులు చూస్తూ ఉండేవాడు.

చివరి పరీక్షకి అందరం వెళ్లాం. తెర మీద పొర నిండుగా ఉంది, ఏ గీతా లేదు. డాక్టరమ్మ బాగుందంది.

"చూస్తే తెలిసిపోతుందా?" అన్నాడు నాన్న.

"తెలుస్తుంది తాతగారూ."

"మీరు చూశారు, సరే. నాకెలా తెలియాలి?"

ఆవిడ ఒక్క క్షణం ఆయన్ని చూసి, వినికిడి పరీక్షగదికి పంపించింది. అక్కడ గాజుకిటికీ వెనక మందపాటి గోడల గదిలో పిచ్చుకని మాకు ఎదురుగా కూర్చోబెట్టారు. చెవులకి పెద్ద డిప్పలు, చేతిలో మీట. శబ్దం వినిపిస్తే నొక్కాలి, నొక్కితే ఇవతలి యంత్రం మీద దీపం వెలుగుతుంది. యంత్రం దగ్గరున్న అమ్మాయి కుడివైపు డిప్పలోకి మాత్రమే శబ్దం పంపి, తగ్గిస్తూ పోయింది. దీపం వెలుగుతూనే ఉంది.

"ఆపరేషన్‌కి ముందు ఇంత శబ్దానికి పలకలేదండీ," అందా అమ్మాయి. "ఇప్పుడు చూడండి."

నాన్న అద్దానికి ముక్కు ఆనించినంత దగ్గరికి వెళ్లాడు. "మాకేం వినిపించట్లేదే."

"మీకు వినిపించదు. ఆ డిప్పల్లోకే వెళ్తుంది."

"ఇది గడుసుపిండం. మీ చెయ్యి చూసి నొక్కుతోందేమో."

వదిన కళ్లు చిట్లించి యంత్రం వైపు చూసింది. ఆమెకీ అదే అనుమానం వచ్చినట్టుంది. నాకూ వచ్చింది, దాచడం ఎందుకు? తాతని సంతోషపెట్టడానికి ఊపిరి బిగించి ఊదిన పిల్ల, మీట నొక్కదా?

"చెయ్యి అడ్డం పెట్టుకోండి," అన్నాడు నాన్న. "శబ్దం పంపినట్టే నటించి పంపకండి. అది నొక్కుతుందో లేదో చూద్దాం."

ఆ అమ్మాయి నవ్వి, అట్టముక్క ఒకటి అడ్డం పెట్టుకుంది. వేలు కదిపింది, శబ్దం పంపలేదు. దీపం వెలగలేదు. పంపింది. వెలిగింది. రెండుసార్లు వరసగా పంపలేదు. పిచ్చుక తల కాస్త వంచి ఎదురుచూస్తూ కూర్చుంది, నొక్కలేదు. పంపిన వెంటనే నొక్కింది.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఇంకా తగ్గించండి."

తగ్గించింది. వెలిగింది.

"ఇప్పుడు ఆపండి. ఇంకాస్త సేపు. పంపండి."

"తాతగారూ, బయట వరసలో ఉన్నారు."

లోపల పిచ్చుకకి విసుగొచ్చింది. డిప్పలు తీసి, మందపాటి తలుపు తోసుకుని బయటికి తొంగిచూసింది. "ఆంటీ, మీ మిషన్ పాడైపోయింది. మధ్యమధ్యలో ఆగిపోతోంది."

నాన్న వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. విన్నారా అని అడగలేదు. పెదవిని పంటితో నొక్కిపట్టాడు. వదిన కుర్చీ లాక్కుని మామగారి పక్కన అద్దం ముందు వేసుకుంది.

"పాడవలేదులే, వెళ్లి కూర్చో," అంది కూతురితో. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి, "ఇంకొక్కసారి ఆపి చూపించమ్మా, నేను సరిగ్గా చూడలేదు," అంది.